సత్తెమ్మ చదివి చెప్పిన ఆరు అంకెలు

మా ఫ్యాక్టరీ లోపలికి ఫోను వెళ్లకూడదు. లోపలంతా సాల్వెంట్ల ఆవిరి, చిన్న నిప్పురవ్వ పుట్టినా అంటుకుంటుందని గేటు గోడ మీద తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో రాయించారు. ఆ మూడు భాషల వాళ్లలో ఒక్కరూ దాన్ని చదివిన పాపాన పోలేదు. అయినా అందరూ ఫోను ఇచ్చే లోపలికి వెళతారు. అందుకు కారణం గోడ కాదు, సత్తెమ్మ.

బొల్లారంలో మందుల ముడిసరుకు చేసే కంపెనీ మాది. నేను టైం ఆఫీసు గుమస్తాను. వచ్చినవాళ్ల పేర్లు, పోయినవాళ్ల పేర్లు రాయడం నా ఉద్యోగం. పద్దెనిమిదేళ్లుగా అదే రాస్తున్నాను కాబట్టి మనుషుల మీద నాకు పెద్ద భ్రమలు లేవు. నా కిటికీకి ఎదురుగా, ఇనుప గ్రిల్లు అవతల, ఫోన్ల కౌంటరు. రెండు వందల గూళ్లున్న చెక్క అర, గూటికో నంబరు, నంబరుకో ప్లాస్టిక్ టోకెన్. ఫోను ఇచ్చి టోకెన్ తీసుకోవాలి, షిఫ్టు దిగాక టోకెన్ ఇచ్చి ఫోను తీసుకోవాలి. అర ముందు స్టూలు, స్టూలు మీద సత్తెమ్మ, నీలం చీర మీద ఖాకీ కోటు, కోటు జేబులో విజిల్. ఆ విజిల్ ఊదగా నేను చూడలేదు. ఆమె గొంతుకు అది అవసరం లేదు.

సత్తెమ్మది ఇంద్రేశం. ఆధార్ కార్డు ప్రకారం యాభై నాలుగేళ్లు, ఆమె లెక్క ప్రకారం ఇంకో మూడు ఎక్కువ. ఇరవై ఏళ్లు ఊళ్లోని పొలాల్లో నాట్లు వేసింది, కలుపు తీసింది. పొలాలు పోయి ప్లాట్లు వచ్చాక నాటు వేయడానికి బురద మిగల్లేదు. ప్లాట్లలో హద్దురాళ్లు తప్ప ఏమీ మొలవవు, వాటికి కలుపు బాధ ఉండదు. దాంతో ఫ్యాక్టరీలో ఊడ్చే పనికి వచ్చి, రెండేళ్లలో లేడీ గార్డు అయింది. వయోజన విద్యలో నేర్చుకున్న అక్షరాలు కొంచెం తడబడతాయి గానీ అంకెలు మాత్రం గట్టివి. మా గేటులో అంకెలే ముఖ్యం.

ఆ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. సాల్వెంటు ట్యాంకరు గేటు దగ్గరికి రాగానే దాని మూత మీద వేసిన సీలు చూస్తారు. ప్రతి సీలు మీదా ఆరు అంకెలు ఉంటాయి. సత్తెమ్మ ఇంటర్‌కమ్ ఎత్తి ఆ ఆరు అంకెలు ఒక్కొక్కటిగా రెండుసార్లు చదువుతుంది. అవతల స్టోర్స్‌లో ఎవరో ఒకరు కాగితంతో సరిచూసుకుని "సరిపోయింది" అంటారు. అప్పుడు గేటు తీస్తుంది. స్టోర్స్‌లో ఉండే ఆ గొంతు ఎవరిదో ఆమెకు తెలియదు, మొహం ఎప్పుడూ చూడలేదు. అడిగితే చదవాలి, సరిపోయిందంటే రిజిస్టరులో రాయాలి. రోజుకు పది పన్నెండుసార్లు ఇదే పని. ఏడేళ్లలో ఒక్క అంకె తప్పలేదని మా సెక్యూరిటీ ఆఫీసరు కామరాజు గారు గణతంత్ర దినోత్సవం నాడు ఆమెకు స్టీలు డబ్బా బహూకరించారు.

ఇక ఫోన్ల సంగతి. మా కుర్రాళ్లు ఒక ఆట ఆడతారు. ఐదుగురు కలిసి విమానంలోంచి ఒక దీవి మీదికి దూకి, అక్కడున్న వాళ్లందరినీ కాల్చి, చివరికి బతికి బయటపడాలి. ఎనిమిది గంటలు మందు ఉడికే రియాక్టర్ల మధ్య నిలబడి వచ్చినవాళ్లు విశ్రాంతి కోసం ఈ పని ఎందుకు చేస్తారో నేను అడగలేదు. ఆ ఆటలో రోజూ ఒక పసుపు పెట్టె కనిపిస్తుంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట దాకా ఉంటుంది, ఆ తర్వాత మాయమవుతుంది. తెరిస్తే ఐదు పచ్చరాళ్లు. వారం పాటు వరసగా తెరిస్తే తుపాకీకి రంగు. ఆ గంటలో మావాళ్లు లోపల ఉంటారు, ఫోన్లు బయట ఉంటాయి. ఆటను తయారుచేసినవాడికి బొల్లారం షిఫ్టుల గురించి ఎవరూ చెప్పినట్టు లేదు.

పోయిన ఏడాది బోనాల ముందు రియాక్టర్ ఆపరేటర్ అనిల్ వచ్చి కౌంటరు మీద మోచేతులు ఆనించాడు. "సత్తెమ్మక్కా, పన్నెండు కొట్టినంక జెర నా ఫోన్ తీసి గీ పచ్చ పెట్టె, కాదు, పసుపు పెట్టె మీద ఒక్కసారి ఒత్తు. అంతే."

"పేల్తదా?"

"పేలదు అక్కా. రాళ్లిస్తది."

సత్తెమ్మ ఒత్తింది. పేలలేదు. మరునాడు అనిల్ స్నేహితులు వచ్చారు, వారం తిరిగేసరికి స్నేహితుల స్నేహితులు వచ్చారు. ఏ వారం ఎవరి షిఫ్టు మారినా పన్నెండింటికి లోపల ఉండి పెట్టె తెరవలేని వాళ్లు నలభై మందికి తగ్గలేదు. నలభై మంది ఫోన్ల తాళం గీతలూ సత్తెమ్మకు నోటికొచ్చు. ముగ్గు గుర్తున్నట్టే గుర్తుంటుందని అంటుంది. సరిగ్గా పన్నెండింటికి అన్నం డబ్బా పక్కకు జరిపి మొదటి గూటి నుంచి మొదలుపెడితే ఒంటిగంటకు ఐదు నిమిషాల ముందు ఆఖరి గూటికి చేరేది. తెరిచిన ప్రతి పెట్టెనూ రిజిస్టరు వెనక పేజీల్లో రాసేది: టోకెన్ పదిహేడు, పన్నెండు ఇరవై రెండు, రాళ్లు ఐదు. ఎందుకు రాస్తున్నావని అడిగితే, "రేపు ఎవలన్న అడుగుతె?" అంది. ఎవరడుగుతారని నేను నవ్వాను.

టోకెన్ పదిహేడు అనిల్‌ది. అతని ఆట గురించి మీకు ఒక విషయం తెలియాలి.

అనిల్‌దీ ఇంద్రేశమే. వాళ్ల పొలంలోనే సత్తెమ్మ నాట్లు వేసింది. వాళ్లన్న నరేష్‌కు అమీన్‌పూర్‌లో టైల్స్ దుకాణం ఉంది. తండ్రి ముందే పోయాడు, తల్లి కూడా పోయాక పొలం పంపకానికి వచ్చింది. లేఅవుట్ చేయాలంటే మధ్యలో ముప్పై అడుగుల రోడ్డు వదలాలి. ఎవరి వాటాలోంచి వదలాలన్న దగ్గర మాట తేడా వచ్చింది. పెద్దమనుషులు కూర్చున్న చోట ప్లాస్టిక్ కుర్చీలు లేచాయి. ఆనాటి నుంచి రెండేళ్లుగా అన్నదమ్ములకు మాటల్లేవు. పెళ్లిళ్లలో ఒకరు ఈ బంతిలో కూర్చుంటే ఇంకొకరు తర్వాతి బంతిలో కూర్చుంటారు.

కానీ ఆటలో ఇద్దరూ ఒకే జట్టు. గొడవకు ముందు చేరారు. గొడవ తర్వాత ఎవరు ముందు జట్టు వదిలిపెడితే వాళ్లు ఓడినట్టని ఇద్దరూ వదల్లేదు. సాయంత్రం ఆరింటికి నరేష్ దుకాణంలో, అనిల్ ఇంట్లో, ఇద్దరూ ఆ దీవి మీద దిగేవారు. ఓవర్‌టైం చేసి సాయంత్రం కంపెనీ బస్సెక్కిన రోజుల్లో అనిల్ బస్సులోనే ఆడేవాడు. అతని ఫోను చెవి దగ్గరి స్పీకరు పాడైపోయింది, అంతా బయటికే వినపడుతుంది. నా స్కూటరు రిపేరుకు పోయిన రోజుల్లో పక్క సీటులో కూర్చుని నేను విన్నాను.

"ఎడమ దిక్కు ఇద్దరున్నరు."

"చూసిన."

"దెబ్బ తగిలింది."

"నా కాడ రెండు పట్టీలున్నయి. తీస్కో."

అంతే. ఇతను అన్నా అనడు, అతను తమ్ముడూ అనడు. బాగున్నావా అని ఎవరూ అడగరు. కానీ రోడ్డుకు పది అడుగుల నేల ఇవ్వని మనిషి, గాయానికి కట్టుకునే తన రెండు పట్టీల్లో రెండూ ఇచ్చేస్తున్నాడు. ఆ గంట కోసమే అనిల్ ఆ ఖాతాను కళ్లలో పెట్టుకుని చూసుకునేవాడు. అది పోతే ఆ నాలుగు మాటలూ పోతాయి. మళ్లీ మొదలుపెట్టాలంటే ఇద్దరిలో ఒకరు నోరు తెరిచి పిలవాలి. ఆ రెండు నోళ్లు నాకు తెలుసు, అది జరిగే పని కాదు.

ఆ రోజు మంగళవారం. పన్నెండు నలభైకి పదిహేడో గూట్లో ఫోను మోగింది. ఇంటి నుంచి ఏదైనా ఆపద కబురేమోనని, మూడుసార్లు ఆగకుండా మోగిన ఫోను సత్తెమ్మ ఎత్తుతుంది. అది మా గేటు మర్యాద. మూడోసారి ఎత్తింది. నేను అప్పుడు క్యాంటీన్‌లో ఉన్నాను. పప్పు బాగుందని రెండోసారి వేయించుకున్నాను. ఆ రెండో గరిటె మీద నాకు ఇప్పటికీ కోపం. అవతలివాడు ఏమన్నాడో, తను ఏమందో సత్తెమ్మ తర్వాత నాకు మాట పొల్లు పోకుండా చెప్పింది.

"అనిల్ గారేనా అండీ? మేము గేమ్ కంపెనీ హెడ్డాఫీసు నుంచి మాట్లాడుతున్నాం." వార్తలు చదివేవాడి తెలుగు అట.

"అనిల్ ప్లాంటుల ఉన్నడు. ఏం పని?"

"ఆయన అకౌంటును వేరే ఎవరో తెరుస్తున్నట్టు మా కంప్యూటర్‌లో కనిపిస్తోంది."

అది వాడు రోజూ వందమందికి చెప్పే అబద్ధం. వినగానే జనం భయపడి ఏదడిగితే అది ఇచ్చేస్తారు. కానీ వాడి ఖర్మకో మా ఖర్మకో ఈసారి అది నిజమైంది.

"ఆ వేరేటోళ్లు నేనే సారు," అంది సత్తెమ్మ. "దొంగతనం గాదు. ఆ పిలగాడు సెప్తేనే తీస్తున్న. పెట్టె ఒత్తి ఎంటనే బంద్ జేస్త. తుపాకులు ముట్ట."

వాడి వృత్తి జీవితంలో అలా ఎవరూ ఒప్పుకుని ఉండరు.

"ఎన్నాళ్ల నుంచి అమ్మా?"

"పోయిన బోనాల కాన్నుంచి. కాయితం మీద రాసియ్యలే, నోటితోనే అన్నడు. ఆ పిలగాని మీద కేసు గిట్ల పెట్టకురి సారు."

"కేసు ఏమీ ఉండదమ్మా. ఇప్పుడు ఆ ఫోనుకు ఆరు అంకెల నంబరు వస్తుంది. అది చదివి చెబితే మీ పేరు మా దగ్గర రాసుకుంటాం."

ఆరు అంకెలు. చదవమంటున్న గొంతు. మొహం తెలియదు. సత్తెమ్మకు ఒక్కసారిగా ధైర్యం వచ్చింది, ఇది తనకు వచ్చిన పనే. తాళం వేసి ఉన్న తెర మీదే నంబరు కనపడింది. ఒక్కో అంకె విడగొట్టి రెండుసార్లు చదివింది. "సరిపోయిందా?" అని అడిగింది.

"సరిపోయిందమ్మా," అన్నాడు వాడు.

రిజిస్టరులో ఆమె రాసిన వాక్యం ఇప్పటికీ ఉంది: "12.41. టోకెన్ 17. హెడ్డాఫీసు. నంబరు చదివి చెప్పనైనది. సరిపోయినది." కింద సంతకం.

రెండింటికి అనిల్ షిఫ్టు దిగాడు. సత్తెమ్మే ముందు నవ్వుతూ, "బిడ్డా, ఇగ ఫికర్ లేదు, హెడ్డాఫీసుల నా పేరు గూడ రాసుకున్నరు," అంది. అనిల్ ఫోను తీసుకుని ఆట తెరిచాడు. పేరు, సంకేతపదం అడిగింది. కొట్టాడు. తప్పు అంది. మళ్లీ కొట్టాడు. అతని ఫోన్ నంబరు మీద ఖాతాయే లేదంది. అప్పుడు అతను కేకలు వేయలేదు. వేసి ఉంటే నయంగా ఉండేది. గేటు పక్కన ట్యాంకరు డ్రైవర్లు కూర్చునే బెంచీ మీద కూర్చున్నాడు. బస్సు హారన్ కొట్టి, ఇంకోసారి కొట్టి, అతన్ని వదిలేసి పోయింది.

"నా తోనే తప్పయింది బిడ్డా," అంది సత్తెమ్మ. "తుపాకులన్ని పోయినయా?"

"తుపాకులు పోతే పోనీ అక్కా," అన్నాడు అనిల్. "ఆరింటికి ఆయన వస్తడు గందుల. నేను లేనని చూస్తడు. కావాల్నని పోయిన అనుకుంటడు."

ఆయన అంటే ఎవరో సత్తెమ్మకు చెప్పనక్కర్లేదు. వాళ్లిద్దరి పుట్టువెంట్రుకలు తీసిననాడు వండిన అన్నం కూడా ఆమె తిన్నది.

నేను గ్రిల్లు అవతలికి వెళ్లాను. ఇలాంటి ఖాతా పోతే ఆటవాళ్ల సహాయం పేజీలో అర్జీ పెట్టుకోవచ్చు. అంతా ఇంగ్లీషు. ఒక్కో ప్రశ్న నేను తెలుగులో చదివాను. ఖాతా ఏ నెలలో తెరిచారు? అనిల్‌కు తెలియదు. మొదట ఏ ఫోనులో? నల్లది అన్నాడు. రోజూ ఏ ఊరి నుంచి, ఏ సమయంలో తెరుస్తారు? అతను తల గోక్కున్నాడు. ఆరేళ్లు ప్రాణంలా చూసుకున్న వస్తువు గురించి మగవాడికి తెలిసింది ఇంతే. సత్తెమ్మ రిజిస్టరు వెనక పేజీలు తిప్పి నా ముందు పెట్టింది. ఏ తేదీన ఎన్ని నిమిషాలకు పెట్టె తెరిచిందో, ఎన్ని రాళ్లు వచ్చాయో, అంతా ఉంది. తొమ్మిది పేజీలు ఫొటోలు తీసి అర్జీకి జతచేశాను. ఎవరడుగుతారని నవ్వింది నేనే కాబట్టి ఈసారి నోరు మూసుకున్నాను.

ఆఖరి ప్రశ్న: మీతో చాలాకాలంగా ఆడుతున్న ముగ్గురు ఆటగాళ్ల నంబర్లు. ఇద్దరివి అనిల్ వెంటనే చెప్పాడు. మూడోది నరేష్‌ది, ఆ నంబరు నరేష్ ఫోనులోనే చూడాలి.

"అడుగు," అన్నాను. "దాంతోపాటు జాగ్రత్త చెప్పు. నీ ఖాతా దొరికినవాడు నీ పేరుతో నీ జట్టువాళ్లందరికీ సందేశాలు పెడతాడు. వాళ్ల కోడ్‌లు కూడా అడుగుతాడు. వాళ్లు నువ్వే అనుకుని ఇస్తారు."

"ఆయనకు నేనెట్ల చేస్త సార్?"

"వేలితో. నంబరు నొక్కితే పోతుంది."

"రెండేండ్లయింది సార్. ఫోన్ చేసి ఆట పోయిందని చెప్పాల్నా?"

నాకు ఒళ్లు మండింది. మందిని కాల్చి చంపడానికి రోజూ విమానంలోంచి దూకే మనిషికి అన్నకు ఫోను చేసే ధైర్యం లేదు. ఆ మాట అనబోయేసరికి సత్తెమ్మ విజిల్ తీసి రెండో షిఫ్టు గార్డు చేతిలో పెట్టింది. "నేను పోత," అంది. షేర్ ఆటో కోసం రోడ్డు మీదికి నడిచింది. స్కూటరు మీద నేనే తీసుకెళ్లాను. దయతో కాదు. వెళ్లకపోతే ఆ కథంతా మరునాడు ఆమె నోట రెండు గంటలు వినాలి.

అమీన్‌పూర్‌లో చెరువు దాటాక వరసగా అపార్ట్‌మెంట్లు, వాటి కింద వరసగా టైల్స్ దుకాణాలు. నరేష్ దుకాణం ముందు ఒకతను మిషన్‌తో టైలు కోస్తున్నాడు, తెల్లటి దుమ్ము. నరేష్ కౌంటరు వెనక ఉన్నాడు. నలభైకి దగ్గర పడుతున్న మనిషి, తమ్ముడి ముక్కే. ఖాకీ కోటులో సత్తెమ్మను చూడగానే లేచి నిలబడ్డాడు.

"అనిల్‌కేమన్న అయిందా?" అదే అతని మొదటి మాట.

"ఆనికేం గాలే. పానం మంచిగనే ఉన్నది. ఆని ఆటనే దొంగలువడ్డది, నా తోనే," అంది సత్తెమ్మ. "నీ ఫోనుకు నంబర్ పంపుమని ఎవలన్న అడిగిన్రా బిడ్డా? అడుగుతె ఇయ్యకు."

నరేష్ కూర్చున్నాడు. కాసేపు కౌంటరు మీద దుమ్ము తుడిచాడు.

"ఇచ్చిన," అన్నాడు.

ఫోను మా వైపు తిప్పాడు. ఆటలోని సందేశాల పేజీ. తమ్ముడి పేరు, తమ్ముడి బొమ్మ. ఒంటిగంటా పది నిమిషాలకు వచ్చింది: "అన్నా ఎలా ఉన్నావు. చిన్న సాయం కావాలి. నీ ఫోనుకు ఒక కోడ్ వస్తుంది. అది నాకు పంపు అన్నా." దాని కింద నరేష్ పంపిన ఆరు అంకెలు. ముందే తెరిచి ఉన్న ఆ సందేశాల పేజీ తప్ప అతని ఆట కూడా తెరుచుకోవడం లేదు.

"మీరు చదువుకున్నవాళ్లు కదా," అన్నాను నేను, అనకూడదని తెలిసే. "అది మీ తమ్ముడి రాత కాదని తెలియలేదా?"

"తెల్వకేం సార్. మావోడు ఎలా ఉన్నావు అంటడా? ఏడ సచ్చినవ్ అంటడు," అన్నాడు నరేష్. "వాడు గాదని సదువంగనే తెల్సింది. దొంగోడే అనుకున్న. ఒక పది నిమిషాలు చూస్కుంట కూసున్న."

"మరి ఎందుకిచ్చినవ్ బిడ్డా?"

"అన్నా అని ఉన్నది గద సత్తెమ్మా." ఫోనును తనవైపు తిప్పుకున్నాడు. "నూటికి ఒక్క పాలు వాడే అయితే? రెండేండ్లకు నోరు తెరిచి అడిగి, లేదనిపించుకుంటడు గద."

నేను టైల్స్ డిజైన్లు చూశాను. చెప్పడానికి సిగ్గెందుకు, కళ్లు తడిశాయి. టైల్స్ దుమ్ము అని చెప్పుకోవడానికి వీలుగా ఉన్న చోట తడిశాయి, అంతవరకు అదృష్టం.

సత్తెమ్మ మాత్రం పని మరవలేదు. నరేష్ ఆట నంబరు ఫోనులోని పాత తెర ఫొటోలో దొరికితే రాయించుకుంది. ఆపైన అతనికి ఉపదేశం చేసింది. "ఇను బిడ్డా. ట్యాంకర్ గేటు కాడికి వచ్చినంకనే మేం సీలు నంబర్ సదువుతం. బండి రాకముందే నంబర్ అడిగెటోడు దొంగోడు. గీ ఫోన్ల గూడ గంతే. నువ్వు అడగంది నంబర్ వచ్చిందంటె, ఎవడో నీ తాళం తీస్తున్నడన్నట్టు. ఎవలికీ సెప్పొద్దు, నాక్కూడ సెప్పొద్దు. ఎవడన్న అన్నా అనుకుంట వస్తె, మీ ఇద్దరికే ఎరుకైన ముచ్చట ఒకటి అడుగు. సెప్తేనే మాట్లాడు."

ముందే చెప్పేస్తాను. పదకొండో రోజున అనిల్ ఖాతా తిరిగి వచ్చింది. తొమ్మిది పేజీల రిజిస్టరు చూసి ఆ ఆటవాళ్లు ఏమనుకున్నారో తెలియదు. నరేష్ ఖాతా రానేలేదు. అతను అర్జీ పెట్టనే లేదు. కామరాజు గారు సత్తెమ్మ దగ్గర రాతపూర్వకంగా సంజాయిషీ తీసుకున్నారు, పసుపు పెట్టెలు బంద్ చేయించారు. స్టీలు డబ్బా వాపసు అడగలేదు. మరుసటి రోజు నుంచి సత్తెమ్మ కౌంటరు దగ్గర కొత్త చట్టం వచ్చింది. తాళం వేసిన తెర మీద మెసేజీలు కనపడే ఫోను తీసుకోదు. ఆటకైనా బ్యాంకుకైనా సంకేతపదంతో పాటు రెండో తాళం పెట్టుకోని వాడి ఫోను తీసుకోదు. తీసుకోకపోతే లోపలికి వెళ్లలేడు, వెళ్లకపోతే నేను హాజరు వేయను. సైబర్ జాగ్రత్తల మీద పోస్టర్లు అంటించి ఏడాదిగా ఎవరూ సాధించలేనిది నాలుగు రోజుల్లో అయింది. ఆ నలభై మంది చేత తాళం గీతలు కూడా మార్పించింది. ఒక్కొక్కడు మారుస్తున్నంతసేపూ గోడవైపు తిరిగి నిలబడింది. "అయిందా? అయిందా?" అని అడుగుతూ.

ఇక బుధవారం సంగతి. పొద్దున ఆరింటికి ఫోను ఇచ్చేటప్పుడు అనిల్‌కు సత్తెమ్మ అంతా చెప్పింది. అన్నా అన్న మాటకు నంబరు ఇచ్చాడని చెప్పింది. అతను టోకెన్ తీసుకుని లోపలికి వెళ్లాడు. ఆ పూట రియాక్టరు దగ్గర ఎన్నిసార్లు మీటరు తప్పు రాశాడో ప్రొడక్షన్ వాళ్లకే తెలుసు.

రెండింటికి బయటికొచ్చి ఫోను తీసుకుని, డ్రైవర్ల బెంచీ మీద కూర్చుని నంబరు నొక్కాడు. చెవి స్పీకరు పనిచేయదు కదా, మోగడం మాకు కూడా వినపడుతోంది. అటువైపు ఎత్తారు. వెనక టైలు కోసే మిషన్ చప్పుడు.

"అన్నా," అన్నాడు అనిల్.

"ఎవలు?" అన్నాడు నరేష్.

"నేనే. అనిల్‌ని."

"నిన్న గూడ అన్నా అనే అన్నరు. నువ్వే అని నాకెట్ల తెల్వాలె?"

అనిల్ బిత్తరపోయి సత్తెమ్మ వైపు చూశాడు. సత్తెమ్మ బాగా చెప్పాడన్నట్టు తల ఊపింది, పాఠం అప్పజెప్పించుకున్న పంతులమ్మలాగా.

"నా ఎడమ చెయ్యి మీద గీత ఎట్ల వడ్డది?" అడిగాడు నరేష్.

"కొడవలి," అన్నాడు అనిల్.

"ఎవలిది?"

"నేనే ఇసిరిన. జాతరకు నన్ను తోల్కపోలేదని."

"అమ్మకేం చెప్పినం?"

"కంచె గీస్కపోయిందని."

"ఎవలు చెప్పిన్రు?"

"నువ్వే." అన్నాడు అనిల్. "నెత్తురు కార్తుంటె నువ్వే చెప్పినవ్, ఆడు ఇంట్లనే ఉండె అని."

సత్తెమ్మ నోరు తెరిచి నా వైపు చూసింది. ఆ చేతికి ఆనాడు పసుపు అద్దింది తనే. కంచె ముళ్లను పట్టుకుని తిట్టింది కూడా తనే. ఇంద్రేశంలో ఆమెకు తెలియని సంగతి ఉందని ఆమెకు ఆ రోజే తెలిసింది.

"తర్వాత ఎవలికన్న చెప్పినవా?" అడిగాడు నరేష్.

"చెప్పలే. నువ్వు?"

"నేనూ చెప్పలే."

అటువైపు ఎవరితోనో, మిషన్ బంద్ చెయ్యి అనడం వినపడింది. చప్పుడు ఆగిపోయింది.

"ఇగ చెప్పురా," అన్నాడు నరేష్.

అనిల్ పొద్దుట్నుంచి అనుకున్నదంతా మర్చిపోయినట్టున్నాడు. ఫోనును రెండు చేతులతో పట్టుకుని, "తిన్నవా?" అన్నాడు.

నేను రిజిస్టరులో తల దూర్చాను. సత్తెమ్మ స్టూలు మీంచి లేచి గేటు అవతలికి వెళ్లి నిలబడింది. గేటు దగ్గర ట్యాంకరు ఏదీ లేదు. ఎవరి మాటలనైనా వినకుండా ఆమె లేచి వెళ్లడం ఏడేళ్లలో నేను చూడటం అదే మొదటిసారి. బెంచీ మీద ఆ ఫోను నలభై నిమిషాలు నడిచింది. అప్పటికి ఆ ఇద్దరిలో ఎవరి దగ్గరా ఆట లేదు.